క్యూ అక్క పక్కన పెట్టిన కాగితం

మా కోర్టులో పదమూడు హాళ్లు, ప్రింటర్లు మాత్రం రెండు. ఒకప్పుడు హాలుకొకటి ఉండేది. కాగితం ఖర్చు మితిమీరిపోతోందని పైవాళ్లకు హఠాత్తుగా జ్ఞానోదయమైంది. ఉన్నవన్నీ పీకించేసి కింది అంతస్తులో మెట్ల పక్క గదిలో రెండు పెద్ద మిషన్లు పెట్టించారు. అప్పటి నుంచి పై అంతస్తుల్లో ఏ టైపిస్టు ప్రింట్ కొట్టినా కాగితం ఆ గదిలోకే వచ్చి పడేది. ఏది ముందు పోవాలి, ఏది ఆగాలి, ఏది ఎక్కడ ఇరుక్కుంది అని కనిపెట్టి ఉండటానికి ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు, దాని ముందు ఒక మనిషి. ఆ మనిషిని అందరూ క్యూ అక్క అనేవారు.

నేను ఆ గదిని ఆనుకుని ఉన్న కౌంటర్లో ముద్ర గుమాస్తాని. జడ్జిగారి సంతకమైన కాగితం మీద కోర్టు ముద్ర వేసి, రిజిస్టర్లో ఎక్కించి, కిటికీలోంచి బయటివాళ్ల చేతికివ్వడం నా పని. పదకొండేళ్ల పాటు ఆవిడకీ నాకూ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క తప్ప అడ్డేమీ లేదు. వయసులో నాకన్నా మూడేళ్లే పెద్ద. అయినా అక్కా అనే పిలిచేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేది. ఆ శుక్రవారం గురించి ఆఫీసులో తలో రకంగా చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో సగం మంది ఆ రోజు అక్కడ లేనే లేరు. ఉన్నవాణ్ణి నేను కాబట్టి రాస్తున్నాను. నా వాటా తప్పు కూడా దాచను. దాచేట్టయితే ఈ రాత దేనికి?

అక్క సన్నగా, పొట్టిగా, కాస్త ముందుకు వంగి ఉండేది. కళ్లద్దాలు ముక్కు చివర. ఉద్యోగంలో చేరింది నకళ్ల విభాగంలో, కార్బన్ కాగితాల కాలంలో. ఒక్కో కాపీకీ ఎంత గట్టిగా టైపు కొట్టాలో వేళ్లకు తెలిసిన తరం అది. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ తరంవాళ్లు చాలామంది మా వల్ల కాదని తప్పుకున్నారు. ఈవిడ మాత్రం సంచిలో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో తన భాషలో రాసుకుని నేర్చుకుంది. ఆఫీసులో ఆవిడ గొంతు పక్క గదికి కూడా వినబడేది కాదు. ఇంట్లో మాత్రం వీధంతా వినబడేది. బావగారు బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజన్ల రొదలో ముప్పై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నారు. "మీ బావతో ప్రేమగా మాట్లాడినా పక్కింటివాళ్లు పోట్లాట అనుకుంటారు తమ్ముడూ" అని నవ్వేది.

ఆవిడ స్క్రీన్ మీద పని పనికీ ఒక వరస కనబడేది. ఏ హాలు నుంచి, ఫైలు పేరేమిటి, ఎన్ని పేజీలు, ప్రింట్ అవుతోందా, ఆగిందా. అంతే. లోపల ఏముందో కనబడదు. కానీ ఆ నాలుగు ముక్కల్లోంచే అక్క మనుషుల్ని చదివేసేది. "ఐదో హాలు టైపిస్టుకి ఇవాళ మనసు బాగాలేదు, ఒకే పేజీ ఆరుసార్లు పంపింది" అనేది. మధ్యాహ్నానికి ఆ టైపిస్టు ఎర్రబడ్డ కళ్లతో కిందికి దిగేది. తప్పులు దిద్దుకుని మళ్లీ మళ్లీ పంపేవాళ్లను చూసి "అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్నట్టుంది" అని సణిగేది. సణుగుతూనే వాళ్ల పని ముందుకు జరిపేది.

ఆవిడకో నియమం ఉండేది. ఎవరి పనీ రద్దు చేయదు. ఆ సీట్లో చేరిన కొత్తలో, ఒకే పేరు రెండుసార్లు వచ్చింది కదా అని ఒకదాన్ని కొట్టేసింది. అవి రెండూ వేరువేరు తీర్పులట, పేరొకటేనట. ఆ కేసు వకీలు అందరి ముందూ నానా మాటలన్నాడు. ఆ రోజు నుంచి "నేనెవరి కాగితాన్నీ చంపను, కాసేపు కూర్చోబెడతాను" అనేది. కూర్చోబెట్టడానికి ఆవిడకో చోటు దొరికింది.

మా వరండా చివర ఒకప్పుడు నకళ్ల గది ఉండేది. వానలకు కప్పు కారి అందులోని ప్రింటరు తడిసి పాడైంది. గదికి తాళం పడింది, మిషను తుక్కులోకి పోయింది. అక్క స్క్రీన్ మీద మాత్రం దాని పేరు అలాగే ఉండిపోయింది, పాతగది అని. అక్కడికి మళ్లించిన పని ఎక్కడా అచ్చు కాదు, ఎక్కడికీ పోదు. మళ్లీ వెనక్కి తెచ్చుకునేదాకా అలా నిలబడే ఉంటుంది. కంప్యూటర్లు బాగుచేసే అతను ఆ పేరు తీసేస్తానంటే అక్క బతిమాలి ఆపించింది. పిల్లల బడి పాఠాలు, ప్రయాణం టికెట్లు, సెలవు దరఖాస్తులు, ఇలా ఉద్యోగుల సొంత పనులన్నీ రద్దీ వేళ ఆ లేని ప్రింటరుకు పంపేసేది. ఐదింటికి కోర్టు లేచాక, మిషన్లు ఖాళీ అయ్యాక, ఒక్కొక్కటీ వెనక్కి పిలిచి ప్రింట్ తీసి, ఎవరివి వాళ్ల బల్ల మీద పెట్టి ఇంటికి పోయేది. ఇది ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసి ఎవరూ కాదనలేదు. పదకొండేళ్లలో ఆవిడ చేతిలో ఒక్క కాగితమూ పోలేదు మరి.

ఇక మూడో హాలు టైపిస్టు సంగతి చెప్పాలి. ఆవిడ చెడ్డ మనిషి కాదు, చేతివేగం చాలా. కానీ ఆవిడకో అలవాటు. ఎప్పుడో తన సెలవు దరఖాస్తు ఒకటి టైపు చేసుకున్నప్పుడు అంచులూ అక్షరాలూ అన్నీ చక్కగా కుదిరాయట. ఇక ఏ ఉత్తర్వు రాయాలన్నా ఆ పాత ఫైలే తెరవడం, లోపలున్నది చెరిపేయడం, కొత్తది కొట్టడం, ప్రింట్ పంపడం. పేరు మార్చి దాచుకునేది ఆ తర్వాత, తీరిక దొరికితే. మామూలు రోజుల్లో ఆవిడ పంపే ముందు అక్కకు ఫోన్ చేసి "వస్తోంది చూడక్కా" అనేది. దాంతో అక్క పేరు చూడకుండానే దాన్ని వదిలేసేది, గొడవ ఉండేది కాదు.

ఆ శుక్రవారం ఫోన్ చేయలేదు. పన్ను నొప్పితో బుగ్గ బూరెలా వాచిపోయి, నోరు తెరవలేక, నాలుగున్నరకు డాక్టరు దగ్గరికి పోవాలని అనుమతి తీసుకుని ఉంది.

మూడున్నర కాకముందే నా కిటికీ దగ్గరికి ఒకావిడ పరుగున వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మెళ్లో టేపు వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఆవిడ తమ్ముడు లారీ డ్రైవరు. లోడు దింపే చోట మాటా మాటా పెరిగి ఎవరిదో చెయ్యి విరగ్గొట్టి నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. అప్పుడే మూడో హాల్లో జడ్జిగారు వదిలేయమన్నారు.

"కాగితం ఇక్కడే ఇస్తారా అన్నా? ఎంతసేపు పడుతుంది?" అంది.

"ఇక్కడే. పై నుంచి ప్రింట్ రావాలి, జడ్జిగారు సంతకం పెట్టాలి, నేను ముద్ర వేయాలి. ఆరులోపు జైలు ఆఫీసులో ఇచ్చేస్తే ఇవాళే వదుల్తారు. కూర్చోమ్మా, బోలెడంత టైముంది" అన్నాను.

ఆవిడ కూర్చోలేదు. కిటికీ చెక్క పట్టుకుని నిలబడే చెప్పుకొచ్చింది. ఆవిడ తండ్రికి ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. రెండు మూడు రోజుల కన్నా కష్టమని డాక్టర్లు ఇంటికి పంపేశారు. కొడుకు జైలుకు పోయిన రోజున ఆ తండ్రి "వీడి మొహం నాకు చూపించొద్దు" అన్నాడట. ఒక్కసారి కూడా చూడటానికి వెళ్లలేదట.

"అంత మాటన్న మనిషి ఇప్పుడు గంటకోసారి వాడేడీ అంటున్నాడన్నా. కోపం పోయిందని వాడికి తెలీదు. నేను చెబితే వాడు నమ్మలేదు. ఎదురుగా నిలబెడితే చాలు" అంది. అని, పక్కకు తిరిగి ఇంటికి ఫోన్ చేసింది. "నాన్నా, వదిలేశారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు" అని గట్టిగా చెప్పింది. అవతల మాట ఏమిటో నాకు వినబడలేదు. ఆవిడ మాత్రం ఏడుస్తూ నవ్వింది.

సరిగ్గా ఆ వేళకు పక్క గదిలో ఒక మిషనులో కాగితం చిక్కుకుంది. ఆరో హాలువాళ్లు ఆస్తి తగాదా ఒకటి, మూడు వందల పద్దెనిమిది పేజీలు, ఒక్కసారిగా పంపించారు. అది మింగలేక కక్కలేక మిషను ఆగిపోయింది. శుక్రవారం సాయంత్రం, పదమూడు హాళ్ల పనీ రెండో మిషను నెత్తిన పడింది. అక్క స్క్రీన్ మీద వరసలు కిందికి కిందికి పెరిగిపోతున్నాయి. ఆవిడ ఎప్పట్లాగే ఏరడం మొదలుపెట్టింది. టికెట్లు పాతగదికి. పిల్లల బొమ్మల పాఠం పాతగదికి.

"మూడో హాలు, సెలవు దరఖాస్తు, రెండు పేజీలట" అంది చెక్క అవతల నుంచి. "సెలవడగడానికి రెండు పేజీలేమిటి తమ్ముడూ, పుట్టినప్పట్నుంచీ రాసినట్టుంది."

"పన్ను కథ అక్కా. పన్ను పన్నుకీ ఒక పేరా" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తు. కిటికీ అవతల నిలబడ్డ ఆవిడ కూడా, ఎందుకో తెలియకపోయినా, మమ్మల్ని చూసి మర్యాదకు నవ్వింది. అక్క ఆ రెండు పేజీలనీ పాతగదికి పంపింది. అప్పుడు మూడూ నలభై.

నాలుగూ పదికి కుట్టుపని ఆవిడ వచ్చి అడిగింది. రాలేదన్నాను. నాలుగున్నరకు మళ్లీ అడిగింది. అప్పుడు నేను చెక్క మీద తట్టి "అక్కా, మూడో హాలు నుంచి విడుదల ఉత్తర్వు ఏమైనా వచ్చిందా?" అన్నాను.

అక్క స్క్రీన్‌ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. "లేదు తమ్ముడూ. ఆ పేరుతో ఏమీ లేదు. టైపిస్టుని అడుగు" అంది.

అడగాలి. ఫోన్ నా చేతికందే దూరంలో ఉంది. కానీ మూడో హాలు టైపిస్టుకీ నాకూ అప్పటికి రెండు నెలలుగా మాటల్లేవు. ఎందుకంటే చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఒక కుర్చీ కోసం. నా కౌంటర్లోని కుర్చీ ఆవిడ హాల్లోకి వెళ్లిపోయిందని పోట్లాడుకున్నాం. అందుకని నేను ఫోన్ తీయలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి "పైకెళ్లి హాల్లో అడగమ్మా" అన్నాను. ఆవిడ రెండంతస్తులు ఎక్కింది. టైపిస్టు అప్పుడే, ఆవిడ మెట్లెక్కే లోపే వెళ్లిపోయింది. హాలు బంట్రోతు "టైపయిపోయింది, కిందికి పంపేసింది, కిందే ఉంటుంది" అన్నాడు. ఆవిడ దిగి వచ్చి నాతో ఆ మాటే చెప్పింది. నేను అక్కతో చెప్పాను. అక్క మళ్లీ చూసి లేదంది. ఆవిడ మళ్లీ పైకెక్కింది. అలా మూడుసార్లు. మూడోసారి దిగి వచ్చేసరికి రొప్పుతూ గోడకు చేరబడింది.

అక్కకు అనుమానం వచ్చింది. ఐదుకు పది నిమిషాలుండగా తనే లేచి పైకి వెళ్లింది. టైపిస్టు కంప్యూటరు ఆపేసి ఉంది, తెరవడానికి సంకేతపదం ఎవరికీ తెలియదు. టైపిస్టు ఫోన్ ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది, నోట్లో పనిముట్లు పెట్టించుకుని కూర్చుంటే? జడ్జిగారు ఆ వేళకు ఇంకో వైపు మెట్ల మీదుగా దిగుతున్నారు. ఆయన్ను ఆపి ఏమని చెప్పాలి? కాగితమే లేదు కదా. అక్క అలాగే దిగి వచ్చింది.

ఐదూ ఐదుకు మిషను ఖాళీ అయింది. అక్క అలవాటు ప్రకారం పాతగది తెరిచి ఒక్కొక్కటే వెనక్కి పిలిచింది. టికెట్లు వచ్చాయి. బొమ్మల పాఠం వచ్చింది. ఆ తర్వాత రెండు కాగితాలు వచ్చాయి. చెక్క అవతల చప్పుడు ఆగిపోయింది. చెక్క పక్కనుంచి తల పెట్టి చూశాను. అక్క ఆ కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. మొదటి వరసలో లారీ డ్రైవరు పేరు, వాళ్ల నాన్న పేరు.

అక్క నా మొహం కూడా చూడలేదు. యాభై నాలుగేళ్ల మనిషి, చెప్పులు అక్కడే వదిలేసి, కాగితాలు గుండెకు అదుముకుని గేటు దాకా పరిగెత్తింది. జడ్జిగారి కారు అప్పటికే వెళ్లిపోయింది. మా ఇద్దరికీ పైవాడైన పెద్ద గుమాస్తా జడ్జిగారికి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. పలకలేదు. ఊరెళ్లే రైలు పట్టుకోవడానికి పోతున్నారని తర్వాత తెలిసింది. వేరే జడ్జి సంతకం పెట్టకూడదా అని నేనడిగితే "ఒకరి ఉత్తర్వు మీద ఇంకొకరు చెయ్యి పెడతారటయ్యా?" అని నా మీదే విసుక్కున్నాడు.

కుట్టుపని ఆవిడ అంతా వింటూనే ఉంది. "అయితే రేపు పొద్దున వస్తే ఇస్తారా?" అంది.

"రేపు శనివారమమ్మా" అన్నాను.

"సోమవారమా?" అంది. నేను తల ఊపాను. ఆవిడ కేకలు వేసినా బాగుండేది. మెళ్లో టేపు అప్పుడు గుర్తొచ్చినట్టు తీసి, చుట్టి, సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం పదింటికి సంతకమైంది. నేను ముద్ర వేశాను. కాగితం అందిస్తూ "నాన్నగారికి ఎలా ఉందమ్మా?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"శనివారం మధ్యాహ్నం పోయాడు. నిన్ననే అంతా అయిపోయింది" అంది. కాగితం తీసుకుని, సంతకం చేయమన్నచోట సంతకం చేసి వెళ్లింది.

ఆ మాట చెక్క అవతలికి వినబడింది. ఆ రోజు అక్క స్క్రీన్ మీద పాతగది పేరు తీయించేసింది. ఎవరు ఏది పంపినా వచ్చిన వరసలోనే వదిలింది. నూరు పేజీల వెనక ఒక్క పేజీ ఆగిపోయి వకీళ్లు కిటికీ దగ్గర అరిచారు. అరవనిచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని ఎవరో అన్నారు. నిజమే, కానీ అన్నవాణ్ణి కొట్టాలనిపించింది.

డ్రైవరు తరఫు వకీలు ఒక ఫిర్యాదు పెట్టాడు. సంజాయిషీ రాయమన్నారు. అక్క ఆరు వాక్యాలు రాసింది. పని ఎన్నింటికి వచ్చింది, తాను ఎక్కడికి మళ్లించింది, ఎందుకు ప్రింట్ తీసి చూడలేదు, అన్నీ. పెద్ద గుమాస్తా అది చదివి తలుపు మూయించాడు.

"అమ్మా, మీకు రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఇది పైకి వెళ్తే ముందు మీ ఉద్యోగం పోతుంది. తర్వాత ఆ టైపిస్టుది. ఆవిడకి చిన్న పిల్లలు. తర్వాత లేని ప్రింటరుని ఎందుకు ఉంచావని నన్నడుగుతారు. చచ్చిపోయినాయన తిరిగొస్తాడా? నెట్‌వర్క్‌లో సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమైందని రాయండి. అబద్ధం కూడా కాదది" అన్నాడు.

పిల్లల మాట అక్కకు తగిలింది. ఆయన చెప్పినట్టే రాసి సంతకం పెట్టింది. సాక్షిగా నేనూ పెట్టాను, పిల్లికి ఎలుక సాక్ష్యం. పై నుంచి జవాబు పది రోజుల్లో వచ్చింది. ఎవరి తప్పూ లేదట. ఇకపై యంత్రాలను జాగ్రత్తగా చూసుకోవాలట.

శిక్ష పడి ఉంటే అక్క తట్టుకునేది. అదేమీ లేకపోవడమే ఆవిణ్ణి తినేసింది. భోజనం డబ్బా తెచ్చినట్టే తిరిగి తీసుకుపోయేది. ఒకసారి వాళ్లింటికి వెళ్తే బావగారు నన్ను వాకిట్లోకి తీసుకొచ్చి, తనకు తెలియకుండానే అరుస్తూ "మీ అక్క ఇంట్లో మాట్లాడటం మానేసిందయ్యా! పెదాలు కదుల్తాయి, గొంతు రాదు! నాకు మొత్తానికే వినబడటం లేదేమోనని డాక్టరుకి చూపించుకున్నా!" అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లు.

మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం అక్క నా కిటికీ ముందు నిలబడింది, బయటివాళ్లు నిలబడే వైపు. "రిజిస్టర్లో వాళ్ల అడ్రసు ఉంటుంది కదా తమ్ముడూ. నాతో రా. నేనొక్కదాన్నే వెళ్లలేను" అంది.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తావక్కా? వాళ్లకేం ఒరుగుతుంది?" అన్నాను.

"కాగితం మీద అబద్ధం రాశాను. వాళ్లకైనా నిజం తెలియాలి కదా" అంది.

వెళ్లాం. ఒక పొడవాటి మేడలో కింది వాటా, ఒకటే పెద్ద గది. కిటికీ దగ్గర రెండు కుట్టుమిషన్లు, తాడు మీద కుట్టి వేలాడదీసిన చొక్కాలు. మూలగా మడత మంచం ఒకటి మడిచి గోడకు ఆనించి ఉంది. ఆవిడ మిషను దగ్గర ఉంది. తమ్ముడు బల్ల మీద బట్టలకు ఇస్త్రీ చేస్తున్నాడు. బలమైన మనిషి, కానీ మెడ వంచుకునే ఉన్నాడు. మేమెవరమో ఆవిడ గుర్తుపట్టి కుర్చీ చూపించింది. అక్క కూర్చోలేదు.

"ఆ రోజు మీ కాగితం మూడూ నలభైకే నా దగ్గరికి వచ్చింది" అంది అక్క. ఆఫీసులో గొంతు, నాకే కష్టంగా వినబడింది. "మీద వేరే పేరుంది. ఎవరిదో సొంత పని అనుకున్నాను. ప్రింట్ తీసి చూడలేదు. పక్కన పెట్టాను. మీరు కింద అడిగినప్పుడూ, పైకెక్కి దిగినప్పుడూ అది నా దగ్గరే ఉంది. మిషను పాడై కాదు. నేనే ఆపాను. ఇది మీకు చెప్పాలని వచ్చాను."

నేను కూడా చెప్పాలనుకున్నాను, ఫోన్ సంగతి, కుర్చీ సంగతి. చెప్పలేదు.

తమ్ముడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి క్యూ అక్కవైపు చూశాడు. ఆ చూపులో కోపం కూడా సరిగా లేదు. ఏదో అనబోయాడు. ఈలోపు వాళ్లక్క లేచి నిలబడింది. ఆ శుక్రవారం రాని కేక ఇప్పుడొచ్చింది.

"ఇప్పుడొచ్చి నాకు చెబుతావా? మా నాన్నకి చెప్పాల్సింది! నేను ఫోన్ చేసి చెప్పగానే లేచి కూర్చున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. తలుపు తీసే ఉంచమన్నాడు. చీకటి పడింది. కాగితం రాలేదు నాన్నా అంటే వినడే! జడ్జి వదిలేశాక ఇంక కాగితమేమిటే, వాడే రానని ఉంటాడు, నువ్వు వాణ్ణి వెనకేసుకు రాకు అన్నాడు. ఒట్టేశాను. కాళ్లు పట్టుకున్నాను. నమ్మలేదు. శనివారం పొద్దున కూడా అదే మాట, వాడికి నా మొహం చూడాలని లేదులే అని. ఆ మాట మీదే పోయాడు మనిషి!"

అనేసి, ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది. కానీ అప్పటికే మాట బయటపడింది.

తమ్ముడు ఆవిణ్ణే చూస్తున్నాడు. "నన్ను తలుచుకుంటూ ప్రశాంతంగా పోయాడన్నావు కదక్కా" అన్నాడు.

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. అతను తల వంచుకుని ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ పరిచి, మళ్లీ ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. కన్నీళ్లు చొక్కా మీద పడుతున్నాయి, ఇస్త్రీపెట్టె వాటి మీదుగానే పోతోంది.

క్యూ అక్క ఏదో చెప్పబోయి అతని వైపు ఒక అడుగు వేసింది. నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. మా గుండెల మీది బరువు దించుకుందామని వెళ్లాం. తీసుకెళ్లి ఆ పిల్లవాడి నెత్తిన దించి వచ్చాం.